టీపీబీఓ, వార్డు ప్లానింగ్ సెక్రటరీ: మొదటి ఏడాది అసలు పని ఏమిటి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: సివిల్ డిప్లొమా చేసిన వ్యక్తికి టౌన్ ప్లానింగ్ విభాగంలో కింది స్థాయి ఉద్యోగం, అంటే ఆంధ్రప్రదేశ్‌లో వార్డు ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ సెక్రటరీ, తెలంగాణలో టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్ (టీపీబీఓ) పోస్టు వస్తే రోజూ చేసే పని ఏమిటి? అది నిజంగా ప్లానింగేనా, లేక నోటీసులు పంచడమేనా? చేరేలోపు ఏం నేర్చుకోవాలి?

నోటీసులు పంచడం ఉంటుంది, ప్లానింగ్ కూడా ఉంటుంది. అయితే ఆ ప్లానింగ్ కాలేజీలో చూసిన రంగుల మ్యాపు రూపంలో కనిపించదు. ఫైల్లో మొదటి కొలత రాసేది మీరే. మీ పైన టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్, అసిస్టెంట్ సిటీ ప్లానర్, సిటీ ప్లానర్, కమిషనర్ ఉంటారు. చిన్న ఇళ్ల ఫైళ్లలో వీళ్లు స్థలానికి వచ్చి చూడటం అరుదు. 'రోడ్డు వెడల్పు 6.00 మీ.' అని మీరు రాస్తే ఆ అంకె మీదే సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఎత్తు, రోడ్డుకు పోయే భాగం అన్నీ లెక్కకు వస్తాయి. మాస్టర్ ప్లాన్‌లో గీసిన 60 అడుగుల రోడ్డు ఒక్క రోజులో నేల మీదికి రాదు. ఆ వీధిలో అనుమతి తీసుకున్న ఇల్లు ఒక్కొక్కటీ కాస్త వెనక్కి జరుగుతూ వస్తే, ఏళ్ల తరబడి, అది రోడ్డవుతుంది. మధ్యలో రెండు ఫైళ్లలో కొలత తప్పు పడితే ఆ రెండు ఇళ్ల దగ్గర రోడ్డు ఇరుకైపోతుంది, అంబులెన్సు అక్కడే ఆగుతుంది. కాబట్టి ఈ ఉద్యోగంలో నేర్చుకోవాల్సిన మొదటి విద్య సరిగ్గా కొలవడం, రెండోది కొలిచింది కొలిచినట్టు రాయడం. మిగతావి వీటి వెనకాలే వస్తాయి.

పోస్టుల సంగతి ముందుగా. ఆంధ్రలో 2019 అక్టోబర్ 2న వార్డు సచివాలయాలు మొదలయ్యాక ప్రతి సచివాలయానికి ఒక ప్లానింగ్ సెక్రటరీని ఇచ్చారు. ఒక్కో వార్డు సచివాలయం సుమారు నాలుగు వేల జనాభాకు అనుకుని పెట్టినా, ఒకరికే రెండు వార్డుల ఇన్‌ఛార్జి పడటం మామూలే. తెలంగాణలో 2022లో 175 టీపీబీఓ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. సివిల్ డిప్లొమా, ఆర్కిటెక్చర్ అసిస్టెంట్‌షిప్ డిప్లొమా, బీఆర్క్, బీప్లానింగ్ చదివినవాళ్లు ఈ పోస్టులకు వస్తుంటారు. అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీల్లో ప్లానింగ్ అసిస్టెంట్, జూనియర్ ప్లానింగ్ ఆఫీసర్ అనే పేర్లుంటాయి. అక్కడ లేఅవుట్లు, భూ వినియోగ ధ్రువపత్రాలు ఎక్కువ, వీధి గొడవలు తక్కువ. మున్సిపాలిటీలో ఇది తలకిందులు.

ఏ ఫైలుకైనా పని ఆఫీసులోనే మొదలవుతుంది. స్థలానికి బయల్దేరే ముందు అరగంట కాగితాలు చూడకపోతే స్థలంలో ఏం చూడాలో తెలియదు. సేల్ డీడ్‌లో షెడ్యూల్, నాలుగు హద్దులు, కొలతలు. లింక్ డాక్యుమెంట్లలో (అంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజుల్లో) అవే హద్దులు ఉన్నాయా, మధ్యలో విస్తీర్ణం పెరిగిందా. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉందా. లేఅవుట్ ప్లాటు అయితే ఎల్‌పీ (లేఅవుట్ అనుమతి) నంబరు, ఆ లేఅవుట్ కాపీలో ప్లాటు నంబరు, ముందున్న రోడ్డు వెడల్పు. మాస్టర్ ప్లాన్‌లో ఆ చోటు ఏ జోన్, కొత్త రోడ్డేమైనా ఆ ప్లాటు మీదుగా పోతోందా. సర్వే నంబరు కొలతల పటం, అంటే ఆంధ్రలో ఎఫ్ఎంబీ, తెలంగాణలో టిప్పన్. పాత ఎఫ్ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, కనుక లింకు 7.92 అంగుళాలు. దాన్ని అడుగులనుకుని చదివితే స్థలం ఒకటిన్నర రెట్లు పొడవుగా కనిపిస్తుంది, ఊరికే గొడవ మొదలవుతుంది.

కొలమానాల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే రూల్స్ చదరపు మీటర్లలో ఉంటాయి, జనం గజాల్లో, సెంట్లలో, గుంటల్లో, అంకణాల్లో మాట్లాడతారు. చదరపు మీటరుకు 1.196 గజాలు. సెంటు 48.4 గజాలు, గుంట 121 గజాలు. నెల్లూరు వైపు అంకణం 36 చదరపు అడుగులు, కొన్ని చోట్ల 72. ఇది పరీక్షలో మార్కుల కోసం గుర్తుపెట్టుకునే పట్టిక కాదు. ఐదు సెంట్ల ప్లాటు 202.3 చదరపు మీటర్లు, 240 గజాల ప్లాటు 200.7. రెండూ 200 చదరపు మీటర్ల గీతకు అటూ ఇటూ ఊగే ప్లాట్లే. ఆ గీత దాటితే సెట్‌బ్యాక్ మారిపోతుంది. తెలంగాణలో వాడే 2012 నాటి బిల్డింగ్ రూల్స్ ఉత్తర్వు జీఓ 168లోని పట్టిక ప్రకారం, 12 మీటర్ల లోపు రోడ్డు మీద 10 మీటర్ల ఎత్తు కట్టాలంటే 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటుకు ముందు 1.5, మిగతా మూడు వైపులా 1 మీటరు వదిలితే చాలు. 200 నుంచి 300 మధ్య ప్లాటుకు ముందు 2, మిగతా వైపులా 1.5 మీటర్లు వదలాలి. ఆంధ్రలో 2017 నాటి జీఓ 119 నడుస్తుంది. రెంటికీ సవరణలు తరచూ వస్తాయి కాబట్టి పాత జిరాక్సు పట్టిక నమ్ముకోవద్దు. సవరణ వచ్చినప్పుడల్లా మీ దగ్గరున్న కాపీలో ఆ రూలు పక్కనే సవరణ జీఓ నంబరు, తేదీ రాసి పెట్టుకోండి.

స్థలంలో కొలవడం

సంచిలో ఉండాల్సినవి: 30 మీటర్ల టేపు, చిన్న 5 మీటర్ల టేపు, లేజర్ మీటరు ఉంటే మంచిదే, ప్లాను కాపీ, ఎఫ్ఎంబీ కాపీ, జియోట్యాగ్ ఫొటోలు తీసే ఫోను. లేజర్ మీటరు గోడకూ గోడకూ మధ్య బాగా పనిచేస్తుంది. ఎండలో, ఎదురుగా గోడ లేని ఖాళీ ప్లాటులో చుక్క కనపడదు, అక్కడ టేపే గతి. టేపు వాలుగా పట్టినా, మధ్యలో కుంగినా కొలత పెరుగుతుంది. బిగించి, మట్టంగా పట్టాలి. రెండో కొస మీ మనిషి చేతిలో ఉండాలి, మేస్త్రీ చేతిలో కాదు.

రోడ్డుతో మొదలుపెట్టండి. ప్లాటు రెండు కొసల దగ్గర, మధ్యలో, మూడు చోట్ల కొలవాలి. సిమెంటు రోడ్డు ఎంతుందో కొలిచి వచ్చేయడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. రోడ్డంటే అటు హద్దు నుంచి ఇటు హద్దు వరకు, డ్రైనూ మట్టి అంచూ కలిపి. ఎదుటివాళ్లు మెట్లు, ర్యాంపు ముందుకు జరిపి ఉంటే దాన్ని హద్దు అనుకోకూడదు. లేఅవుట్ కాపీయో, గ్రామ నక్షాలోని డొంకో చూసి అసలు వెడల్పు పట్టుకోవాలి. రెండు వైపులా ఆక్రమణ ఉన్న వీధిలో ఇప్పుడున్న వెడల్పు నుంచి మధ్య గీత తీస్తే, ఎక్కువ ఆక్రమించినవాడికి లాభం, నిజాయతీగా వెనక్కి ఉన్నవాడికి నష్టం జరుగుతుంది. మధ్య గీతను రికార్డు నుంచి తీయాలి.

లెక్క ఇలా ఉంటుంది. వీధి 6 మీటర్లుంది, కనీసం 9 మీటర్లు కావాలి. మధ్య గీత నుంచి 4.5 మీటర్లు, అంటే ప్లాటు ముందు నుంచి 1.5 మీటర్లు రోడ్డుకు పోతుంది. ఆ కొత్త గీత నుంచి 1.5 మీటర్ల సెట్‌బ్యాక్. ఇప్పుడున్న ప్రహరీ నుంచి చూస్తే గోడ 3 మీటర్ల లోపలికి రావాలి. యజమానికి ఇది ముందే చెప్పాలి, ప్లాను గీయకముందే చెప్పగలిగితే ఇంకా మంచిది. చాలా గొడవలు రూలు వల్ల కాదు, పునాది తవ్వాక తెలిసినందుకు వస్తాయి. రోడ్డుకు పోయే ముక్కను గిఫ్ట్ డీడ్‌తో మున్సిపాలిటీ పేర రాయించుకుంటారు. ఆ డీడ్ రిజిస్టర్ అయ్యిందా, అందులోని కొలత ప్లానులో చూపిన కొలతతో కలుస్తోందా అన్నది చూడాల్సింది కూడా మీరే.

తర్వాత ప్లాటు నాలుగు భుజాలు, ఆపైన తప్పకుండా రెండు కర్ణాలు. కర్ణాలు కొలవని రిపోర్టు సగం రిపోర్టే. ఉదాహరణకు భుజాలు 12, 17, 12, 17 మీటర్లు. చూడగానే 204 చదరపు మీటర్లు అనుకుంటాం. మూలమట్టంగా ఉంటే రెండు కర్ణాలూ 20.81 రావాలి. ఒక కర్ణం 18.00, ఇంకోటి 23.28 వచ్చిందనుకోండి, ప్లాటు ఒరిగి ఉందన్నమాట, అసలు విస్తీర్ణం 196.6. అంటే 200 గీతకు కిందికి వచ్చింది, ఆ యజమానికి తక్కువ సెట్‌బ్యాక్ చాలు. కర్ణం కొలవనందుకు అతను రెండు పక్కలా చెరో అరమీటరు, ముందూ వెనకా మరో అరమీటరు చొప్పున ఊరికే పోగొట్టుకుంటాడు. అలాగే డాక్యుమెంటులో ఉన్న విస్తీర్ణం, స్థలంలో ఉన్న విస్తీర్ణం వేరైతే ఏది తక్కువో దాన్నే పట్టుకోవడం క్షేమం. ఎక్కువగా ఉన్న ముక్క ఎవరిదో తేల్చడం మన పని కాదు.

తల ఎత్తి కరెంటు తీగలు చూడండి. ఇది మర్చిపోయే ఫైళ్లు చాలా ఉంటాయి, ఫలితం ప్రాణాలతో ముడిపడింది. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇళ్లకు వెళ్లే లో టెన్షన్ తీగకు పక్కగా 1.2 మీటర్లు, పైన 2.5 మీటర్ల దూరం ఉండాలి. 11 కేవీ లైనుకు పక్కగా 1.2, పైన 3.7. 33 కేవీకి పక్కగా 2.0, పైన 3.7. ఖాళీ స్థలంలో తీగ దూరంగానే కనిపిస్తుంది. రెండో అంతస్తు బాల్కనీ వచ్చాక చేతికి అందుతుంది. కొలత గోడ నుంచి కాదు, ఇల్లు పూర్తయ్యాక బయటికి వచ్చే చివరి అంచు నుంచి వేసుకోవాలి.

నీళ్ల సంగతి చూడాలి. జీఓ 168లో పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు వచ్చే గీత) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు బఫర్, అంటే కట్టకుండా వదలాల్సిన జాగా. పది మీటర్ల కన్నా వెడల్పైన కాలువకు, వాగుకు, నాలాకు 9 మీటర్లు, అంతకు లోపల ఉన్నదానికి 2 మీటర్లు. నదికైతే పట్టణ హద్దుల్లో 50, బయట 100. వేసవిలో కుంట ఎండి మైదానంలా ఉంటుంది, మే నెల పరిశీలనను నమ్ముకోకూడదు. ఎఫ్‌టీఎల్ ఎక్కడిదాకా అన్నది ఇరిగేషన్, రెవెన్యూ వాళ్లు కలిసి తేల్చాల్సిన విషయం. అనుమానం ఉన్నప్పుడు మీరంతట మీరు 'లేదు' అని రాయకుండా వాళ్లకు రిఫర్ చేయండి. పురావస్తు శాఖ రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత 200 మీటర్లు అనుమతి అవసరమైన ప్రాంతం. వరంగల్, గోల్కొండ, లేపాక్షి లాంటి చోట్ల పనిచేసేవాళ్లకు ఇది రోజువారీ విషయం.

రిపోర్టు రాయడం

'స్థలం పరిశీలించాను, రూల్స్ ప్రకారం ఉంది, అనుమతి ఇవ్వవచ్చు.' ఇలాంటి రిపోర్టు ఎవరికీ పనికిరాదు, రేపు కోర్టులో మీకే ఎదురు తిరుగుతుంది. ఇలా రాయండి: 'తూర్పు రోడ్డు వెడల్పు ఉత్తర కొసన 6.10, మధ్యలో 6.00, దక్షిణ కొసన 5.80 మీ. మాస్టర్ ప్లాన్‌లో 9.00 మీ. భుజాలు, కర్ణాలు స్కెచ్‌లో చూపాను. పడమర వైపు పాత రేకుల షెడ్డు 3.2 x 4.0 మీ. ఉంది, ప్లానులో చూపలేదు. దక్షిణం వైపు 11 కేవీ లైను హద్దు నుంచి 0.9 మీ. దూరంలో ఉంది. ఉత్తరం వైపు పొరుగువారు హద్దు మీద అభ్యంతరం చెప్పారు, కోర్టు ఉత్తర్వు ఏదీ చూపలేదు.' ఇందులో మీ అభిప్రాయం ఒక్క ముక్కా లేదు, అయినా చదివినవాడికి అన్నీ తెలుస్తాయి. కింద మీ సిఫారసు, ఏ రూలు ఆధారంగానో ఆ నంబరుతో రాయండి.

హద్దు తగాదాల్లో చాలామంది ఇరుక్కుంటారు. బిల్డింగ్ పర్మిషన్ ఇస్తే హక్కు వచ్చినట్టు కాదు, ఆపితే పోయినట్టూ కాదు. హక్కు తేల్చేది సివిల్ కోర్టు. కాగితాలు పైకి సక్రమంగా ఉన్నాయా అన్నంతవరకే మనం చూస్తాం. పక్కవాడు అర్జీ పెట్టాడని ఫైలు ఆపేస్తే అది తప్పు. కోర్టు స్టే కాపీ వచ్చాక కూడా నడిపిస్తే అది పెద్ద తప్పు.

షార్ట్‌ఫాల్స్, అంటే దరఖాస్తులో తక్కువైనవి, అన్నీ ఒకేసారి రాయాలి. ఈ వారం లింక్ డాక్యుమెంట్ అడిగి, అది తెచ్చాక ఖాళీ స్థలం పన్ను రశీదు అడిగి, ఆ తర్వాత లేబర్ సెస్ అడగడం వల్లే మన విభాగానికి చెడ్డపేరు వచ్చింది. అప్పులు చేసి ఇల్లు కట్టుకునేవాడికి ఒక నెల ఆలస్యం అంటే ఒక నెల అద్దె, ఒక నెల వడ్డీ. పైగా ఇప్పుడు గడువు చట్టంలోనే ఉంది. తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు ప్లాటులో గ్రౌండ్ ప్లస్ వన్‌కు రూపాయితో రిజిస్ట్రేషన్ చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి. మిగతావి 21 రోజుల్లో తేలకపోతే అనుమతి ఇచ్చినట్టే. అక్కడి ఆన్‌లైన్ అనుమతుల పోర్టల్ తర్వాత బిల్డ్‌నౌ అయింది, ఆంధ్రలో డీపీఎంఎస్ అనే పోర్టల్ నడుస్తోంది. పేర్లు మారినా దారి ఒకటే: ముందు అనుమతి, తర్వాత తనిఖీ. దీనివల్ల కింది స్థాయి ఉద్యోగి భారం తగ్గిందనుకోవడం పొరపాటు. ఇదివరకు కాగితం మీద ఆపగలిగిన తప్పు ఇప్పుడు నేల మీద పునాది లేచాక కనిపిస్తుంది. అందుకే వెంటనే అనుమతి వచ్చిన ఫైళ్లను వచ్చిన వారంలోనే చూసెయ్యాలి.

కట్టేటప్పుడు చూడాల్సిన సమయాల్లో అన్నిటికన్నా విలువైనది ముగ్గు పోసిన రోజు. ఆ రోజు గీత 30 సెంటీమీటర్లు జరపడానికి గుప్పెడు సున్నం చాలు. కాలమ్ లేచాక జరపడం ఎవరి వల్లా కాదు. రెండోది ప్లింత్ (పునాది పైమట్టం) దగ్గర, ఆ తర్వాత ప్రతి శ్లాబు. తరచూ జరిగే ఉల్లంఘనలు దాదాపు ఎప్పుడూ ఇవే: కింద సెట్‌బ్యాక్ సరిగ్గా వదిలి, మొదటి అంతస్తు నుంచి బాల్కనీ పేరుతో బయటికి రావడం, తర్వాత ఆ బాల్కనీకి గోడ కట్టి గది చేయడం. స్టిల్ట్ పార్కింగ్‌లో (భవనాన్ని స్తంభాల మీద లేపి కింద వదిలిన చోట) షట్టర్లు దించి షాపులు పెట్టడం. చివరి శ్లాబు మీద రేకులు వేసి కొన్నాళ్లకు పెంట్‌హౌస్ చేయడం. ఎత్తును 18 మీటర్లకు కాస్త తక్కువగా చూపించి, అసలు కట్టేది ఆ పైకి పోనివ్వడం. జీఓ 168 ప్రకారం 18 మీటర్లు, ఆపైన ఉంటే అది హైరైజ్, అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ, చుట్టూ ఖాళీ, అన్నీ మారతాయి. ఆ నియమాలు తప్పించుకోవడానికి చేసే ఈ పని అగ్నిప్రమాదం రోజున మనుషుల్ని పొగలో ఇరికిస్తుంది.

ఓసీ, అంటే కట్టడం పూర్తయ్యాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దగ్గర ఒక విషయం స్పష్టంగా తెలిసి ఉండాలి. జీఓ 168 ప్రకారం హైరైజ్ కాని భవనంలో, ముందు సెట్‌బ్యాక్ తప్ప మిగతా వైపుల ఉల్లంఘన పది శాతం లోపు ఉంటే జరిమానాతో సర్దుబాటు చేయవచ్చు. ఆ జరిమానా ఉల్లంఘించిన మేరకు రిజిస్ట్రేషన్ విలువకు సమానం. ముందు సెట్‌బ్యాక్‌కు ఈ వెసులుబాటు లేదు. పది శాతం అంటే మీటరున్న చోట పది సెంటీమీటర్లు. మేస్త్రీలు దీన్ని ముందే లెక్కవేసుకుని 'పది శాతం మనదే' అని గీత గీస్తారు, ఆపైన ప్లాస్టరింగ్ మందంతో గీత దాటిపోతారు. కొలత ప్లాస్టరింగ్ అయ్యాక ఉన్న గోడ ముఖం నుంచి వేయాలి.

నోటీసులు

నోటీసు పేరు చెబితేనే భయపడే రోజులు పోయాయి. మంచి లాయరు చేతికి వెళ్లిన నోటీసులో మూడు లోపాల్లో ఏదో ఒకటి దొరుకుతుంది: యజమాని పేరు తప్పు, ఉల్లంఘన ఎంతో కొలత లేదు, అందినట్టు రుజువు లేదు. 'ప్లానుకు విరుద్ధంగా కట్టుచున్నారు' అని కాదు, 'ఉత్తరం వైపు 1.00 మీ. వదలాల్సి ఉండగా 0.35 మీ. వదిలారు, పొడవు 9.40 మీ., రెండు అంతస్తులు' అని ఉండాలి. కార్పొరేషన్లలో 1955 మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలోని 452, 461, 636 సెక్షన్లు వరుసగా వస్తాయి. ఆంధ్ర మున్సిపాలిటీల్లో 1965 మున్సిపాలిటీల చట్టం 228వ సెక్షన్, ముందు ప్రొవిజనల్ ఆర్డర్, జవాబు విన్నాక కన్ఫర్మేషన్. తెలంగాణ మున్సిపాలిటీల్లో 2019 చట్టం. ఒక చట్టం సెక్షన్ ఇంకో చోటి నోటీసులో రాస్తే ఆ నోటీసు నిలబడదు. పాత ఫారం కాపీ చేసుకునే అలవాటు వల్ల ఇది తరచూ జరుగుతుంది.

2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు కూల్చివేతల మీద ఇచ్చిన ఆదేశాలు ప్రతి ఓవర్సీరూ కంఠతా పట్టాలి. యజమానికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు, భవనం మీద అతికించడం, కనీసం 15 రోజుల గడువు. నోటీసు ఇచ్చిన సంగతి కలెక్టర్ కార్యాలయానికి ఈ-మెయిల్‌లో. స్వయంగా చెప్పుకునే అవకాశం, దాని మినిట్స్. తుది ఉత్తర్వులో కూల్చడం తప్ప వేరే దారి ఎందుకు లేదో కారణం. ఆ తర్వాత మళ్లీ 15 రోజులు. కూల్చేటప్పుడు ఇద్దరు పంచుల (సాక్షుల) సంతకాలతో పంచనామా, వీడియో. ఇవి పాటించకపోతే నష్టపరిహారం ఆ అధికారి జేబులోంచే. రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైను పక్కన, నది, చెరువు లాంటి చోట్ల ఆక్రమణలకు, కోర్టే కూల్చమన్న వాటికి ఈ ఆదేశాలు వర్తించవు. అదే ఏడాది డిసెంబరు 17న వచ్చిన ఇంకో తీర్పులో కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకుండా కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వొద్దని, బ్యాంకులు అది చూశాకే రుణం ఇవ్వాలని ఉంది. కాబట్టి చిన్న ఇంటికైనా ఓసీ తీసుకోమని యజమానికి మొదటి రోజే చెప్పండి.

కేసు హైకోర్టుకు వెళితే మున్సిపాలిటీ స్టాండింగ్ కౌన్సెల్ (మున్సిపాలిటీ తరఫు లాయరు) పేరావారీ జవాబు అడుగుతారు. ఆ కాగితం రాసేది సాధారణంగా మీరే. పిటిషన్‌లోని ప్రతి పేరాకూ ఫైల్లో ఏ పేజీలో ఏముందో చూపాలి. ఫైల్లో పేజీ నంబర్లు వేయడం అనే చిన్న పని విలువ ఆరోజు తెలుస్తుంది.

లేఅవుట్లు, మాస్టర్ ప్లాన్ పనులు మొదటి ఏడాదిలో తక్కువే వస్తాయి. వచ్చినప్పుడు రెండు సంగతులు గమనించండి. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం లెక్కకు సరిపోతుంది కానీ, నాలా పక్కన, హైటెన్షన్ లైను కింద, ఎవరూ కొనని త్రికోణం ముక్క చూసి పార్కు అని రాస్తారు. అంకె కాదు, అక్కడ పిల్లలు ఆడుకోగలరా అన్నది చూడండి. లోపలి రోడ్లు పక్క సర్వే నంబరులోకి కొనసాగుతాయా, గోడ దగ్గర ఆగిపోతాయా అన్నదీ చూడండి. డెవలపర్ మార్టగేజ్‌లో (తనఖాలో) ఉంచిన పదిహేను శాతం ప్లాట్లను రోడ్లు, డ్రైన్లు, కరెంటు పూర్తయ్యేవరకు విడిపించకూడదు. అవి ఒకసారి విడుదలైతే డెవలపర్ మళ్లీ ఆ ఊరికి రాడు, ప్లాటు కొన్నవాళ్లు మీ ఆఫీసు చుట్టూ తిరుగుతారు.

జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల) పనిలో మన రాష్ట్రాలకే ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. మ్యాపుల కోసం భూమిని నిలువు పట్టీలుగా విడదీసే యూటీఎం పద్ధతిలో 44వ జోన్ 78 నుంచి 84 డిగ్రీల రేఖాంశం వరకు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అందులోనే. కానీ అనంతపురం, హిందూపురం, జహీరాబాద్, నారాయణపేట 43లో పడతాయి. టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45లో. హైదరాబాద్‌లో తయారైన టెంప్లేట్ అలాగే వాడితే లేయర్లు ఒకదాని మీద ఒకటి కూర్చోవు, లేదా మ్యాపు ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల తేలుతుంది. జోన్ సరిచూసుకోవడం నిమిషం పని. మాస్టర్ ప్లాన్ కోసం ఇంటింటి భూ వినియోగ సర్వేలో కింద షాపు, పైన ఇల్లు ఉన్న భవనాన్ని ఒకే రంగులో పడేయకండి. అంతస్తు వారీగా రాసుకోండి. ఒక వీధి క్రమంగా వ్యాపార వీధిగా మారుతున్న సంగతి కాగితం మీద కనిపించేది అక్కడే.

ఇక ఒత్తిళ్లు. కార్పొరేటర్ ఫోను, పై అధికారి నోటి మాట, బిల్డర్ మనిషి. నోటి మాటకు ఎదురు చెప్పాల్సిన పని లేదు, దాన్ని నోట్ ఫైల్లో 'ఫలానా తేదీన మౌఖికంగా ఆదేశించినట్టు' అని మర్యాదగా రాసి పైకి పంపండి. సగం ఆదేశాలు అక్కడితో ఆగిపోతాయి. మీ లాగిన్, డిజిటల్ సంతకం కీ ఎవరి చేతికీ ఇవ్వకండి. కంప్యూటర్ ఆపరేటరుకు, ఎల్‌టీపీకి (ప్లాన్లు గీసే లైసెన్సున్న వ్యక్తికి) 'కొంచెం మీరే అప్‌లోడ్ చేసేయండి' అని ఇచ్చిన కీతో వెళ్లిన రిపోర్టుకు బాధ్యులు మీరే. మార్చి నెలాఖరులో, బదిలీల సమయంలో, ఎన్నికల ముందు ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి. బదిలీ అయితే పెండింగ్ ఫైళ్ల జాబితా, ఇచ్చిన నోటీసుల జాబితా సంతకంతో అప్పజెప్పి వెళ్లండి. పాత వార్డులో తర్వాత లేచిన అంతస్తుకు మీ కాలంలోనిదని మెమో రాకుండా కాపాడేది ఆ కాగితం, దాంతోపాటు తేదీలున్న మీ ఫొటోలు.

చేరేలోపు చేయగల సాధన: మీకు తెలిసిన ఇళ్లు ఓ పది ఎంచుకోండి, వేర్వేరు వీధుల్లో, అందులో కనీసం ఒకటి మూల ప్లాటు, ఒకటి వంకర ప్లాటు ఉండాలి. యజమాని ఒప్పుకుంటే రోడ్డు, భుజాలు, కర్ణాలు, సెట్‌బ్యాకులు కొలిచి స్కెచ్ గీయండి, రూల్ పట్టికతో పోల్చి ఒక పేజీ రిపోర్టు రాయండి. మీ రాష్ట్రపు బిల్డింగ్ రూల్స్ జీఓ పూర్తిగా, సవరణలతో కలిపి, ఒకసారి చదవండి. ఆటోక్యాడ్ వచ్చి ఉంటే ప్రీ-డీసీఆర్ (ప్లానును రూల్స్‌తో పోల్చే సాఫ్ట్‌వేర్) లేయర్ల పేర్లు చూడండి, పొరపాటు లేయర్‌లో గీసిన బాల్కనీని సాఫ్ట్‌వేర్ పట్టుకోదు. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, మీ ఊరి వార్డు హద్దులు, చెరువులు అందులో గీయడం నేర్చుకోండి. ముందుముందు పైకి వెళ్లాలనుకుంటే డిపార్ట్‌మెంటల్ టెస్టులు ఆలస్యం చేయకుండా రాయండి. ప్లానింగ్ డిగ్రీ కోసం హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), విజయవాడలో ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉన్నాయి. ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవాళ్లకు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టౌన్ ప్లానర్స్ ఇండియా అసోసియేట్‌షిప్ పరీక్షలు ఒక దారి.